ఏ వణుకో పోల్చుకునే పరీక్ష

నలభై రెండేళ్ళ స్త్రీ. బైపోలార్ జబ్బుకు చాలా ఏళ్ళుగా లిథియం వేసుకుంటున్నారు, బాగానే ఉన్నారు. పది రోజుల కిందట మోకాలి నొప్పికని మందుల షాపులో ఐబుప్రొఫెన్ కొనుక్కుని రోజుకు మూడుసార్లు మింగడం మొదలుపెట్టారు. ఇప్పుడు చేతులు బాగా వణుకుతున్నాయి, గ్లాసు పట్టుకుంటే నీళ్ళు ఒలుకుతున్నాయి. రెండు రోజులుగా వాంతులు, విరేచనాలు. నడిస్తే తూలుతున్నారు. మీరు ముందుగా ఏం చేస్తారు? వణుకు తగ్గడానికి ప్రొప్రనొలాల్ రాస్తారా? లిథియం మోతాదు సగానికి తగ్గించి వారం తర్వాత రమ్మంటారా? ఉప్పు తగ్గించమని చెబుతారా? లిథియం ఆపేసి, వెంటనే ఎమర్జెన్సీకి పంపి, రక్తంలో లిథియం ఎంత ఉందో, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చూపిస్తారా?

ఇది ఈ వ్యాసం కోసం నేను కట్టిన ప్రశ్న. అమెరికాలో సైకియాట్రిక్ నర్స్ ప్రాక్టీషనర్ కావాలనుకునేవాళ్ళు రాసే సర్టిఫికేషన్ పరీక్షలో ప్రశ్నల పోకడ మాత్రం ఇలాగే ఉంటుంది. అమెరికన్ నర్సెస్ క్రెడెన్షియలింగ్ సెంటర్ నిర్వహించే ఈ పరీక్షలో 175 ప్రశ్నలు, మూడున్నర గంటల సమయం. లెక్కేస్తే ప్రశ్నకు 72 సెకన్లు.

పై నాలుగింటిలో ప్రొప్రనొలాల్‌ను వట్టి పిచ్చి జవాబని కొట్టిపారెయ్యలేం. చిక్కంతా అక్కడే ఉంది. లిథియం సరైన పాళ్ళలో ఉన్నప్పుడు కూడా కొందరికి వేళ్ళ చివర్లు సన్నగా వణుకుతాయి. ఆ వణుక్కి ప్రొప్రనొలాల్ ఇస్తారు, పుస్తకంలో అలాగే ఉంటుంది. 'లిథియం, వణుకు, ప్రొప్రనొలాల్' అని బట్టీ పట్టినవారి చెయ్యి ముందు దాని మీదికే పోతుంది. ఈమెది సన్న వణుకు కాదు. గ్లాసులో నీళ్ళు ఒలికేంత పెద్ద వణుకు, దానికి తోడు వాంతులు, విరేచనాలు, తూలడం. రక్తంలో లిథియం విషంగా మారే స్థాయికి చేరిందనడానికి ఇవి గుర్తులు. ఆ స్థితిలో వణుకును మాత్రమే అణచడమంటే, ఒళ్ళు చెబుతున్న కబురును మధ్యలో ఆపెయ్యడమే. జవాబు నాలుగోది.

అసలు ఐబుప్రొఫెన్‌కూ లిథియానికీ సంబంధమేమిటి? లిథియం చాలా చిన్న మూలకం. సోడియంలాగే ఒక్క ధనావేశం ఉన్న అయాన్. కిడ్నీల్లోని సన్నని నాళికలకు ఈ రెండింటి మధ్య తేడా బాగా తెలియదు. సోడియాన్ని వెనక్కి పీల్చుకునేటప్పుడు లిథియాన్ని కూడా దాంతోపాటే లాగేసుకుంటాయి. ఒంట్లో ఉప్పు తగ్గినప్పుడల్లా, విరేచనాలైనా, ఎండలో బాగా చెమట పోసినా, ఉన్నట్టుండి చప్పిడి తిండి మొదలుపెట్టినా, కిడ్నీలు సోడియం కోసం మరింత గట్టిగా లాగుతాయి, లిథియం రక్తంలో పేరుకుంటుంది. థయజైడ్ రకం బీపీ మాత్రలు ఈ దారిలోనే ప్రమాదం తెస్తాయి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలది ఇంకో దారి. కిడ్నీలకు రక్తం ధారాళంగా అందేలా చూసే ప్రోస్టాగ్లాండిన్లను అవి అడ్డుకుంటాయి. దాంతో లిథియం బయటికి పోవడం తగ్గిపోతుంది. పారాసెటమాల్‌తో ఈ బెడద దాదాపు లేదు.

ఇది అర్థమైతే గుర్తుపెట్టుకోవలసిన జాబితా చాలా తగ్గిపోతుంది. ఉప్పు తగ్గించమన్న మూడో జవాబు ఎందుకు అన్నిటికంటే ప్రమాదకరమో ఎవరూ చెప్పనక్కరలేదు. లిథియం మామూలుగా లీటరు రక్తద్రవానికి 0.6 నుంచి 1.2 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉండాలని, 1.5 దాటితే విషలక్షణాలు మొదలవుతాయని, చివరి మోతాదు వేసుకున్న 12 గంటలకు రక్తం తీయాలని ప్రతి గైడ్‌లోనూ ఉంటుంది. మందుకూ విషానికీ మధ్య ఎంత సన్నని సందు ఉందో ఆ అంకెలే చెబుతున్నాయి.

ఆ సందు తెలుసుకోవడానికి కొందరు ప్రాణాలే ఇచ్చారు. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే వైద్యుడు మెల్బోర్న్ దగ్గర ఒక మానసిక చికిత్సాలయంలో పనిచేస్తూ, ఉన్మాదంతో ఉన్న పదిమందికి లిథియం ఇచ్చి చూశాడు. అంతకుముందు గినీపిగ్‌ల మీద ప్రయత్నిస్తే అవి నెమ్మదించాయి. ఏళ్ళ తరబడి ఉన్మాదం తగ్గని ఒక రోగి కుదుటపడి ఇంటికి వెళ్ళాడు, పనిలో చేరాడు. ఆ మనిషే మరుసటి ఏడాది లిథియం విషప్రభావంతో చనిపోయాడు. సరిగ్గా అదే 1949లో అమెరికాలో గుండె జబ్బులవాళ్ళకు మామూలు ఉప్పుకు బదులుగా లిథియం క్లోరైడ్ అమ్మారు. సోడియం మానేసి లిథియం తినడమంటే ఏమవుతుందో పైన కిడ్నీల సంగతి చదివినవారికి తెలుసు. మరణాలు సంభవించాయి, ఆ ఉప్పును బజారు నుంచి తీసేశారు. తర్వాత మెల్బోర్న్‌లోనే ట్రౌట్నర్ బృందం రక్తంలో లిథియం కొలుస్తూ మోతాదు సరిచేసే పద్ధతిని నిలబెట్టింది. అయినా అమెరికా అనుమతి ఇవ్వడానికి 1970 దాకా పట్టింది. పరీక్షకు చదివేవారు ఈ కథ కూడా చదవాలని నా అభిప్రాయం. ప్రశ్నల్లో రాదు, నిజమే. కానీ 1.2 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసినవారు దాన్ని మరిచిపోరు.

ఇంతకీ ఎవరీ సైకియాట్రిక్ నర్స్ ప్రాక్టీషనర్? ముందు రిజిస్టర్డ్ నర్సు. ఆ మీద మాస్టర్స్ గానీ డాక్టరేట్ గానీ ఈ ప్రత్యేక విభాగంలోనే చేసి, అధ్యాపకుల పర్యవేక్షణలో కనీసం 500 గంటలు రోగులతో పనిచేసి, శరీర ధర్మశాస్త్రం, రోగి పరీక్ష, ఔషధశాస్త్రం మూడింటినీ పైస్థాయిలో విడివిడిగా చదివి ఉండాలి. అప్పుడే పరీక్షకు అర్హత. నెగ్గాక రాష్ట్రం లైసెన్సు ఇస్తే రోగనిర్ధారణ చేయవచ్చు, మందులు రాయవచ్చు, మానసిక చికిత్స చేయవచ్చు, పసిపిల్లల నుంచి ముసలివాళ్ళ దాకా ఎవరికైనా. వాషింగ్టన్ వంటి రాష్ట్రాల్లో సొంతంగా క్లినిక్ పెట్టుకోవచ్చు. టెక్సస్‌లో అయితే మందులు రాయడానికి ఒక డాక్టరుతో రాతపూర్వక ఒప్పందం ఉండాలి. ఇండియా నుంచి వెళ్ళి, ముందు అక్కడి నర్సింగ్ లైసెన్సు పరీక్ష నెగ్గి, కొన్నాళ్ళు ఆసుపత్రుల్లో పనిచేశాక ఈ దారి పట్టేవారిలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు.

175 ప్రశ్నల్లో 25కు మార్కులుండవు. ఏ 25 అన్నది అభ్యర్థికి తెలియదు. అవి ముందుముందు పరీక్షల్లో పెట్టబోయే ప్రశ్నలు, వాటిని ఇక్కడ పరీక్షిస్తున్నారన్నమాట. కొత్త ప్రశ్న ఎంత కష్టమో ఎంతమందికి తప్పిందో చూస్తే తెలుస్తుంది. అంతకంటే ముఖ్యమైన కొలత ఇంకొకటి ఉంది. మొత్తం పరీక్ష బాగా రాసినవారికి ఈ ప్రశ్న ఎక్కువగా వచ్చిందా, రాయలేనివారికి ఎక్కువగా వచ్చిందా? బాగా చదివినవాళ్ళే ఎక్కువమంది పొరబడుతున్నారంటే తప్పు ప్రశ్నలో ఉందని అర్థం. దాన్ని పక్కన పడేస్తారు. అందుకే పరీక్ష మధ్యలో ఎక్కడా విననిదేదో ఎదురైతే గుండె జారిపోనక్కరలేదు. అది లెక్కలోకి రానిదై ఉండవచ్చు, ఉన్నంతలో ఒక జవాబు పెట్టి ముందుకు పోవాలి. ఉత్తీర్ణతకు 500కు 350 రావాలి. అది నూటికి డెబ్భై సరైన జవాబులని చాలామంది పొరపడతారు. కాదు. ఒక విడత ప్రశ్నపత్రం కాస్త కఠినంగా, ఇంకోటి తేలిగ్గా ఉండవచ్చు కాబట్టి ఆ తేడాను సరిచేసి ఒకే కొలబద్ద మీదికి తెచ్చిన అంకె అది.

ఇక చదవడం. రాత్రి డ్యూటీ దిగి, పిల్లల్ని బడికి పంపి, కళ్ళు మండుతుండగా పుస్తకం తెరిచేవారి గంటలు చాలా విలువైనవి. ఆ గంటల్ని ఎక్కువమంది ఖర్చుపెట్టే పద్ధతి ఒకటే: గైడ్‌ను రంగు పెన్నుతో గీతలు గీస్తూ మళ్ళీ మళ్ళీ చదవడం. ఇది ఎందుకు పనిచేయదో 2006లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ చూపించారు. విద్యార్థులకు చిన్న వ్యాసాలిచ్చారు. కొన్నిటిని రెండుసార్లు చదివించారు. కొన్నిటిని ఒకసారి చదివించి, కాగితం తీసేసుకుని, గుర్తున్నదంతా రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినదే మెరుగ్గా వచ్చింది, 81 శాతం, రెండోది 75. వారం తర్వాత పెడితే తారుమారైంది. రెండుసార్లు చదివినది 42 శాతానికి పడిపోయింది, గుర్తుతెచ్చుకుని రాసినది 56 దగ్గర నిలిచింది. వాళ్ళే చేసిన ఇంకో ప్రయోగంలో, పదేపదే చదివినవాళ్ళు తమకు బాగా గుర్తుంటుందని అందరికంటే ధీమాగా చెప్పారు. వారం తర్వాత అందరికంటే వెనకబడింది వాళ్ళే. చదువుతున్నప్పుడు వాక్యం తేలిగ్గా జారిపోతుంటే 'ఇది నాకు వచ్చు' అనిపిస్తుంది. నిజానికి ఆ వాక్యం అలవాటైంది, అంతే. పుస్తకం మూసి ఒక తెల్లకాగితం మీద కిడ్నీ బొమ్మ గీసి, సోడియం ఎటు పోతుంది, లిథియం ఎటు పోతుంది, నొప్పి మాత్ర ఎక్కడ అడ్డుపడుతుంది అని ఎవరికో చెబుతున్నట్టు పైకి చెప్పుకోవాలి. చెప్పలేక ఆగిన చోటే మళ్ళీ తెరవాలి. కష్టంగా ఉంటుంది. ఆ కష్టంలోనే జ్ఞాపకం గట్టిపడుతుంది.

రెండో సంగతి కలగలిపి చదవడం. 2008లో నేట్ కోర్నెల్, రాబర్ట్ బ్యోర్క్ పన్నెండుమంది చిత్రకారుల ప్రకృతి చిత్రాలను కొందరికి చూపించారు. ఒక్కో చిత్రకారుడివన్నీ వరసగా చూపించినప్పటికంటే, అందరివీ కలిపి మార్చి మార్చి చూపించినప్పుడే కొత్త చిత్రం ఎవరిదో ఎక్కువ సరిగ్గా చెప్పారు. పక్కపక్కన పెడితేనే తేడా కంటికి ఆనుతుంది. మానసిక వైద్యంలో ఇంతకంటే పనికొచ్చే సలహా నాకు కనబడలేదు. ఒక ఉదాహరణ. జ్వరం, చెమటలు, అయోమయం, గుండె దడ, కండరాలు బిగుసుకోవడం. ఇది సెరొటోనిన్ సిండ్రోమా? యాంటీసైకోటిక్ మందుల వల్ల వచ్చే న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమా? రెండు అధ్యాయాలు విడివిడిగా చదివినవారికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదాంట్లో సెరొటోనిన్ మితిమీరుతుంది. పేగుల్లోనూ సెరొటోనిన్ ఎక్కువే కాబట్టి విరేచనాలు, కడుపులో గుడగుడలు. కంటిపాపలు పెద్దవవుతాయి. మోకాలి మీద తడితే కాలు ఎగిరిపడుతుంది, పాదాన్ని పైకి వంచి పట్టుకుంటే టకటకా కొట్టుకుంటుంది. మందు మార్చిన కొన్ని గంటల్లోనే వస్తుంది. రెండోదాంట్లో డోపమైన్ దారులు మూసుకుపోతాయి. చెయ్యి వంచబోతే సీసపు గొట్టంలా ఆసాంతం ఒకే బిగువు, తడితే పెద్దగా ఎగరదు. రోజుల మీద ముదురుతుంది. కండరాలు దెబ్బతిన్నందుకు రక్తంలో క్రియాటిన్ కైనేజ్ బాగా పెరుగుతుంది.

ఈ గుర్తుల విలువ తెలియడానికి 1984 మార్చి గుర్తుచేసుకోవాలి. లిబీ జియాన్ అనే పద్దెనిమిదేళ్ళ అమ్మాయి జ్వరంతో, ఒళ్ళు అదురుతూ న్యూయార్క్‌లో ఆసుపత్రిలో చేరింది. అప్పటికే డిప్రెషన్‌కు ఫెనెల్జిన్ వాడుతోంది. అదురు తగ్గడానికి మెపెరిడిన్ ఇచ్చారు. ఆ రెండూ కలవకూడనివి. తెల్లారేసరికి ఆమె లేదు. అది సెరొటోనిన్ సిండ్రోమేనని తర్వాత చాలామంది వైద్యులు భావించారు. ఈ మరణంతో, విశ్రాంతి లేకుండా గంటల తరబడి పనిచేసే జూనియర్ డాక్టర్ల మీద చర్చ రేగి, 1989లో న్యూయార్క్ రాష్ట్రం వాళ్ళ పనిని వారానికి 80 గంటలకు పరిమితం చేసింది.

మందులు ఎంత ముఖ్యమైనా, పరీక్షలో మనిషితో మాట్లాడటం గురించిన ప్రశ్నలు తక్కువేమీ కావు. ఇక్కడ హిల్డెగార్డ్ పెప్లావ్ పేరు తప్పదు. 1952లో వచ్చిన ఆమె పుస్తకం నర్సుకూ రోగికీ మధ్య సంబంధమే ఒక చికిత్స అని నిలబెట్టింది. 1954లో రట్గర్స్‌లో మానసిక వైద్య నర్సింగ్‌కు ఆమె పైచదువు మొదలుపెట్టారు. ఆందోళనను ఆమె నాలుగు మెట్లుగా విడదీశారు: స్వల్పం, ఓ మోస్తరు, తీవ్రం, భీతి. స్వల్ప ఆందోళనలో మనిషి చురుగ్గా నేర్చుకుంటాడు. తీవ్రమయ్యేసరికి చెప్పింది చెవికెక్కదు. అందుకని ఊపిరాడక వార్డులో అటూ ఇటూ తిరుగుతున్న రోగికి మందు గురించి వివరించడం, కారణాలు తరచి అడగడం తప్పు జవాబులు. పక్కనే ఉండి, నెమ్మదిగా, పొట్టి మాటల్లో మాట్లాడాలి. వివరణ తర్వాత. పరీక్ష గదిలో కూర్చున్నవారికి కూడా ఈ మెట్లు వర్తిస్తాయి. కొంచెం బెరుకు ఉండటం మేలే.

చట్టం విషయం క్లుప్తంగా. 1969లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో చదువుకుంటున్న ఒక భారతీయ విద్యార్థి, ఒక అమ్మాయిని చంపుతానని తనకు చికిత్స చేస్తున్న సైకాలజిస్టుతో చెప్పాడు. సైకాలజిస్టు క్యాంపస్ పోలీసులకు తెలియజేశాడు. వాళ్ళు మాట్లాడి వదిలేశారు. అమ్మాయికి గానీ ఇంట్లోవాళ్ళకు గానీ ఎవరూ చెప్పలేదు. ఆమె హత్యకు గురైంది. టారసాఫ్ కేసుగా పేరుపడ్డ ఆ వ్యాజ్యంలో 1976లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, ప్రమాదంలో ఉన్న మూడో మనిషిని కాపాడేందుకు తగిన చర్య తీసుకోవలసిన బాధ్యత చికిత్సకుడి మీద ఉందని చెప్పింది. రోగి రహస్యానికి హద్దు ఎక్కడన్న ప్రతి ప్రశ్న వెనకా ఈ తీర్పు ఉంటుంది.

మనవాళ్ళకు నేరుగా తగిలే పాఠం ఒకటుంది. మూర్ఛకూ, కొన్నిసార్లు బైపోలార్ జబ్బుకూ ఇచ్చే కార్బమజెపిన్ వల్ల అరుదుగా చర్మం, నోటి లోపలి పొర కాలినట్టు ఊడివచ్చే స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ వస్తుంది. 2004లో తైవాన్ పరిశోధకులు ఈ మందుతో అలా జబ్బుపడిన 44 మందిని పరీక్షిస్తే, ఆ 44 మందిలోనూ హెచ్‌ఎల్‌ఏ-బి 1502 అనే ఒకే జన్యురూపం కనిపించింది. 2007లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, ఆసియా మూలాలున్నవారికి ఈ మందు మొదలుపెట్టే ముందు ఆ జన్యుపరీక్ష చేయమంది. ఆ హెచ్చరిక భారతీయులకూ వర్తిస్తుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో తెలుగు రోగి ఎదుట కూర్చున్నప్పుడు ఇది గుర్తు రావాలి. అలాగే పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నల సూట్‌కేసులో ఆరు నెలలకు సరిపడా మాత్రలుంటాయి. 'ఏం మందులు వాడుతున్నారమ్మా?' అంటే బీపీ, షుగర్ చెబుతారు. మోకాళ్ళకు వేసుకునే డైక్లోఫెనాక్‌ను మందుల్లో లెక్కించరు. 'నొప్పులకేమైనా వేసుకుంటారా?' అని విడిగా అడిగితేనే బయటికొస్తుంది.

మన దేశంలో సైకియాట్రిక్ నర్స్ ప్రాక్టీషనర్ అనే హోదా ఇంకా లేదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ క్రిటికల్ కేర్‌లో, ప్రసూతి సేవల్లో నర్స్ ప్రాక్టీషనర్ చదువులు పెట్టింది గానీ మానసిక వైద్యంలో పెట్టలేదు. సైకియాట్రిక్ నర్సింగ్‌లో ఎమ్మెస్సీ చేసినవారున్నారు, బెంగళూరు నిమ్హాన్స్‌లో డిప్లొమా చేసినవారున్నారు, ఎర్రగడ్డలో, విశాఖలో వార్డులు నడిపేది నర్సులే. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం చాలా జబ్బుల్లో నూటికి డెబ్భైమందికి పైగా చికిత్స అందడం లేదు. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో మన రెండు రాష్ట్రాలూ లేవు, మన లెక్క అందులోకి రాలేదు. శిక్షణ పొందిన నర్సుకు హద్దులు గీసి, పరీక్ష పెట్టి, మందు రాసే అధికారమిచ్చే ఏర్పాటు ఇక్కడా రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

మళ్ళీ అమెరికా పరీక్షకు వస్తే, ఆ సర్టిఫికేషన్ ఐదేళ్ళే చెల్లుతుంది. పొడిగించుకోవాలంటే 75 గంటల కొనసాగింపు చదువు చూపాలి, అందులో 25 గంటలు ఔషధశాస్త్రమే. ఎందుకో క్లోజపిన్ చెబుతుంది. వేరే మందులకు లొంగని స్కిజోఫ్రీనియాకు ఇది పెద్ద దిక్కు. కానీ కొద్దిమందిలో న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలను అడుగంటిస్తుంది, మామూలు ఇన్ఫెక్షనే ప్రాణం తీస్తుంది. అందుకని అమెరికాలో మొదటి ఆరు నెలలు వారం వారం, తర్వాతి ఆరు నెలలు రెండు వారాలకోసారి, ఆపైన నెలకోసారి రక్తపరీక్ష చేసి, ఆ అంకెను ఒక జాతీయ రిజిస్ట్రీకి పంపితేనే మందు ఇచ్చేవారు. ఏళ్ళ తరబడి అభ్యర్థులు ఈ నియమాన్ని కంఠస్థం చేశారు. 2025లో ఔషధ నియంత్రణ సంస్థ రిజిస్ట్రీ నిబంధన ఎత్తేసింది. రక్తపరీక్షలు చేయమన్న సూచన అలాగే ఉంది, దాన్ని పట్టించుకోవలసిన పూచీ ఇప్పుడు మందు రాసేవారిదే. ఇదే మందుతో ఇంకో సంగతి: రోజుకో పెట్టె సిగరెట్లు కాల్చే రోగి ఆసుపత్రిలో చేరి పొగ మానేస్తే, అదే మోతాదుకు కొద్ది రోజుల్లోనే మత్తు పెరిగి, నోటి వెంట చొంగ కారుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. పొగలోని తారు పదార్థాలు లివర్లో సీవైపీ1ఏ2 అనే ఎంజైమును ఎక్కువ పనిచేయించి క్లోజపిన్‌ను తొందరగా కరిగిస్తుంటాయి. పొగ ఆగితే ఆ పని తగ్గి, మందు రక్తంలో పెరుగుతుంది. నికోటిన్ ప్యాచ్ అంటించినా లాభం లేదు, ఎంజైమును తట్టి లేపేది నికోటిన్ కాదు కాబట్టి. రోగి చేరిన రోజే ఎన్ని సిగరెట్లు కాలుస్తారో అడిగి రాసుకుని, రక్తంలో క్లోజపిన్ స్థాయి చూసుకుంటూ మోతాదు తగ్గించాలి. ఇంటికెళ్ళి మళ్ళీ కాల్చడం మొదలుపెడితే మందు చాలకుండా పోయి జబ్బు తిరగబెట్టవచ్చు, ఆ సంగతి డిశ్చార్జి కాగితం మీద రాసి, ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పి పంపాలి.